పాత పాటకు ఆ పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. తన వయసు పాతికేళ్ళు. పొద్దున్నే నాన్నగారు పాత పాటలు పెట్టుకుంటారు, కొన్ని పాటలకి ఆయన కళ్ళు చెమ్మగిల్లుతాయి. తను పుట్టక ముందెప్పుడో వచ్చిన ఆ పాటలకి తనకీ గొంతు పట్టేస్తోంది. తన తరం పాటలు రోజంతా వింటుంది, కాలు కదుపుతుంది, కానీ లోపల ఏమీ కదలదు. నాయనమ్మకి ఈమధ్య మనుషుల పేర్లు కూడా గుర్తుండటం లేదు, పాట మాత్రం చరణాలతో సహా పాడేస్తోంది. పాత సంగీతం నిజంగానే గొప్పదా, లేక ఇదంతా జ్ఞాపకాల మహిమేనా అని అడిగింది.

నేను విజయవాడలో వయొలిన్ వాయిస్తాను. లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలతో పెళ్ళిళ్ళకీ, దసరా పందిళ్ళకీ, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో విభావరులకీ వాయిస్తూనే వయసు గడిచింది. సాయంత్రాలు సత్యనారాయణపురంలో పిల్లలకి పాఠం చెబుతాను. ఒక పక్క చీటీ రాసి పాత పాట అడిగే పెద్దవాళ్ళు, ఇంకో పక్క ఫోన్‌లో కొత్త పాట వినిపించి నేర్పమనే పిల్లలు. ఇద్దరి మధ్యా ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న మీద చెప్పాల్సింది చాలా ఉంది. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

అమ్మా, ముందుగా ఒక మాట. మీ నాన్నగారి కన్నీళ్ళకి కారణం ఒకటి, మీ గొంతు పట్టడానికి కారణం ఇంకొకటి, కొత్త పాట మీ లోపలికి దిగకపోవడానికి కారణం మరొకటి. మూడింటినీ కలిపి పాత గొప్పదా కొత్త గొప్పదా అని తూకం వేస్తే ఎప్పటికీ తేలదు. విడివిడిగా చూద్దాం.

నాన్నగారితో మొదలుపెడతాను. ఆర్కెస్ట్రా వాళ్ళందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. షష్టిపూర్తికి కచేరీ ఒప్పుకున్నప్పుడు మేం ముందు కనుక్కునేది ఆ పెద్దాయన ఏ సంవత్సరంలో పుట్టారని. దానికి పదిహేను కలిపితే మొదలు, పాతిక కలిపితే చివర. ఆ పదేళ్ళలో వచ్చిన పాటల్లోంచి మంచివి నాలుగు ముందే నోట్స్ రాసి పెట్టుకుంటాం. భోజనాల హడావిడిలో ఎవరూ స్టేజీ వంక చూడకపోయినా, అలాంటి పాటకి మొదటి బిట్ ఎత్తుకోగానే ఆయన మాట్లాడుతున్న మాట సగంలో ఆపి ఇటు తిరుగుతారు. పక్కనున్నావిడ ఆయన మొహం చూస్తుంది. ఇంకో రెండు నిమిషాల్లో ఆయన స్నేహితుల దగ్గర్నుంచి చీటీలు రావడం మొదలవుతుంది. ఆ చీటీల్లో పాటలు చూసి రాసినవాళ్ళ వయసు సుమారుగా చెప్పేయొచ్చు.

మేం అనుభవం మీద కనిపెట్టిన దీన్నే పరిశోధకులు కొలిచి చూశారు. అమెరికాలో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు 1989లో ఒక అధ్యయనం ప్రచురించారు. రకరకాల వయసుల వాళ్ళకి రకరకాల కాలాల పాటలు వినిపించి ఎంత నచ్చిందో చెప్పమన్నారు. తమకి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసున్నప్పుడు వచ్చిన పాటల దగ్గర ఇష్టం శిఖరానికి చేరింది. ఆ వయసులో మనిషికి అన్నీ మొదటిసారి జరుగుతాయి. మొదటి హాస్టల్ గది, మొదటి జీతం, మొదటి ప్రేమ, ఇల్లు వదిలిన మొదటి రాత్రి. అప్పుడు ఏ పాట వినపడుతుంటే ఆ పాట ఆ సంగతికి అతుక్కుపోతుంది. 2009లో పీటర్ జనాటా అనే శాస్త్రవేత్త మెదడు స్కానింగులు తీసి, తెలిసిన పాట వింటూ సొంత జీవితంలో సంగతులు గుర్తొచ్చినప్పుడు నుదుటి వెనక మధ్యభాగం చురుగ్గా పనిచేస్తుందని చూపించాడు. పాటా, జ్ఞాపకమూ, దానితోపాటు వచ్చే బాధో సంతోషమో అక్కడ కలుసుకుంటాయి. మీ నాన్నగారి కళ్ళు తడవడం వెనక ఆయన ఇరవయ్యో ఏడు ఉంది. దాన్ని తక్కువ చేయకండి, పాటలు చేసే పెద్ద పనుల్లో అదొకటి.

ఇలా అతుక్కోవడం ఎంత బలమైనదో మన ఊళ్ళలో కళ్ళారా చూడొచ్చు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గారు 1974లో పోయారు. చివరి రోజుల్లో ఆయన పాడిన భగవద్గీత గుడి మైకులో వినపడితే కొందరికి మనసు కుదుటపడుతుంది. అదే రికార్డు మన వైపు ఎవరైనా పోయిన ఇంటి ముందు కూడా పెడతారు. అందుకే తండ్రి పోయిన మనిషి వీధిలో నడుస్తూ ఆ గొంతు వినగానే అక్కడే ఆగిపోతాడు. గొంతు అదే, శ్లోకం అదే, రాగం అదే. వినేవాడి జీవితంలో అది ఎక్కడ వినపడిందన్నదే తేడా.

ఇక మీ సంగతి. నాన్నగారికి అరవై దాటాయన్నారు. అంటే లెక్క ప్రకారం ఆయన సొంత పాటలు 1980ల నాటివి. మరి 1957లో వచ్చిన పాటకి కూడా ఆయన ఎందుకు కరుగుతున్నారు? ఆ పాట వాళ్ళ నాన్నది. ఆ పాట మీదాకా ఎలా వచ్చింది? అదే దారిన.

కరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో చేసిన అధ్యయనం దీని మీదే. ఇరవై ఏళ్ళ కాలేజీ పిల్లలకి యాభై అరవై ఏళ్ళ కాలం నుంచి ప్రసిద్ధి చెందిన పాటలు వినిపించారు. తమ కాలపు పాటలతో బలమైన బంధం కనపడటంలో వింత లేదు. అమ్మానాన్నలు కుర్రవాళ్ళుగా ఉన్న కాలపు పాటల దగ్గర కూడా అదే బంధం కనిపించింది. ఇంకా వెనక్కి, తాతముత్తాతల వైపు, 1960ల పాటల దగ్గర కూడా ఒక చిన్న గుట్టలా లేచింది. అర్థం ఏమిటంటే, పాట ఇంట్లో వారసత్వంగా దిగుతుంది. మీకు మూడేళ్ళప్పుడు వంటింట్లోంచి వచ్చిన పాట మీకు గుర్తుండదు, కానీ ఆ గొంతు, ఆ ఫ్లూటు బిట్ మీ చెవికి పాతచుట్టాలే. అమ్మ మీకు తల దువ్వుతూ కూనిరాగం తీసిన పాటకి ఈరోజు మీ గొంతు పట్టిందంటే అది మీ సొంత జ్ఞాపకమే, తేదీ వేయని జ్ఞాపకం.

దీనికి తోడు జల్లెడ ఒకటి పనిచేస్తుంది. పాత పాటలు అని మనం ఇప్పుడు వినేవి అప్పటివాటిలో వడగట్టగా మిగిలినవి. ఆ రోజుల్లోనూ వారం తిరక్కుండా మరిచిపోయిన పాటలు కుప్పలు కుప్పలుగా వచ్చాయి. ఒక్కోసారి ఎవరో పెద్దాయన అరుదైన పాట అంటూ అడిగితే, వెతికి నోట్స్ రాసుకుని వాయిద్దామని కూర్చుంటే, అరిగిపోయిన ట్యూనూ ఎటూ పోని చరణమూ తప్ప అందులో ఏమీ ఉండదు. కాలం దాన్ని వదిలేయడం న్యాయమే అనిపిస్తుంది. ఈ ఏడాది వచ్చిన పాటలకి ఇంకా ఆ జల్లెడ పట్టలేదు. మీ ఫోన్‌లో మంచీ చెడూ ఒకే వరసలో వస్తున్నాయి. యాభై ఏళ్ళ వడపోతని నిన్నటి శుక్రవారంతో పోల్చడం కొత్తవాళ్ళకి అన్యాయం.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. మనం స్వర్ణయుగం అంటున్న ఆ కాలంలోనే, 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు చవకబారువని ఆలిండియా రేడియోలో వాటిని బాగా తగ్గించేశారు. దేశమంతా శ్రోతలు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కి తిప్పుకున్నారు. ఆఖరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టి సినిమా పాటలకి మళ్ళీ పెద్దపీట వేయాల్సి వచ్చింది. ఈనాడు మనం కళ్ళకద్దుకుంటున్న పాటల్ని ఆనాటి పెద్దలు సంగీతానికే చేటు అన్నారు. అందుకని ఇప్పటి పాటల మీద పెద్దవాళ్ళ విసుగుని నేను తుది తీర్పుగా తీసుకోను.

ఇంతవరకూ చదివితే అంతా జ్ఞాపకమే, పాటలో ఏమీ లేదు అంటున్నానని అనుకోవచ్చు. అలా అనడం లేదు. పాట తయారయ్యే తీరులో నిజమైన మార్పు వచ్చింది. దాని ప్రభావం మనసు మీద ఉంది. నా వృత్తి ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1950, 60లలో మద్రాసు స్టూడియోల్లో పాట రికార్డు చేసినప్పుడు గాయకులూ, కోరస్సూ, వాద్యకారులూ అందరూ ఒకేసారి, ఒకే చోట. మైకులు కొద్దివే. ఎవరి ధ్వని ఎంత ఉండాలో వాళ్ళని మైకుకి దగ్గరగానో దూరంగానో కూర్చోబెట్టి సరిచేసేవాళ్ళు. తబలా ఆయన ఒక్క దెబ్బ తప్పితే మళ్ళీ మొదటి నుంచి టేక్. ఈ కష్టంలోంచి రెండు లాభాలు వచ్చాయి. అందరూ ఒకరినొకరు వింటూ వాయించారు. గాయకుడు ఒక మాట దగ్గర వెంట్రుకవాసి ఆగితే వయొలిన్లు కూడా ఆగాయి. లయ గడియారంలా కాకుండా మనుషులతో పాటు కదిలింది. రెండోది, గొంతు ముందుంది. గొంతు పాడుతున్నప్పుడు వాద్యాలు తగ్గి కూర్చున్నాయి, గొంతు ఊపిరి తీసుకునే చోట ఫ్లూటో సితారో వచ్చి ఆ ఖాళీని అందుకుంది. మేం స్టేజీ మీద ఆ పాటలు వాయిస్తున్నప్పుడు మా నోట్స్‌లో సగం కాగితం ఖాళీగా ఉంటుంది. వాయించకుండా ఉండాల్సిన చోట్లు అన్ని ఉంటాయి.

ఇప్పటి పద్ధతి వేరు. 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాల్ని ఒకదానితో ఒకటి కలిపే మిడి అనే పద్ధతి వచ్చింది, ఆ తరవాత కంప్యూటర్ వచ్చింది. ముందు లయ కోసం టిక్కు టిక్కుమనే క్లిక్ ట్రాక్ పెట్టుకుని దాని మీద ఒక్కొక్కరూ వేరే రోజున, వేరే ఊళ్ళో వాయించి పంపిస్తారు. గాయని హైదరాబాద్‌లో, ఫ్లూట్ ఆయన చెన్నైలో, మిక్సింగ్ ముంబైలో. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడరు. దీనివల్ల తప్పులు పోయాయి, ఖర్చు తగ్గింది, మా ఊరి కుర్రాడు తన గదిలో కూర్చుని పాట చేయగలుగుతున్నాడు. ఇవి చిన్న మేళ్ళు కావు. కానీ ఒకరికోసం ఒకరు ఆగడం అన్నది ఆ పద్ధతిలో దానంతటది రాదు. కావాలని తెచ్చుకోవాలి.

గట్టిదనం సంగతి ఇంకా ముఖ్యం. పాటలో మెల్లగా ఉండే చోటుకీ గట్టిగా ఉండే చోటుకీ మధ్య దూరాన్ని కంప్రెసర్ అనే పరికరంతో తగ్గించేస్తారు. అలా చేస్తే పాట మొత్తాన్ని పైకి ఎత్తొచ్చు, ఆటోలోనూ చిన్న ఫోన్ స్పీకర్‌లోనూ బాగా వినపడుతుంది. కానీ పెళ్ళి భోజనాల హాల్లో అందరూ ఒకేసారి గట్టిగా మాట్లాడినట్టు, ఎవరు గుండెలో మాట చెబుతున్నారో తెలియకుండా పోతుంది. మనిషి గొంతు తగ్గించి మాట్లాడినప్పుడే మనం ముందుకి వంగి వింటాం. పాటలో అలా వంగే చోటు లేకపోతే చెవి వంగదు. 2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 వరకూ వచ్చిన పాశ్చాత్య పాపులర్ సంగీతంలో దాదాపు 4 లక్షల 64 వేల రికార్డింగుల్ని కంప్యూటర్‌తో పరిశీలించారు. పాటల గట్టిదనం పెరుగుతూ వచ్చింది, స్వరాల నడకలో వైవిధ్యం తగ్గింది, వాద్యాల ధ్వనులు ఒకదానికొకటి దగ్గరయ్యాయి అని తేల్చారు. అది తెలుగు పాటల లెక్క కాదు. కానీ స్టూడియో పరికరాలు మనవీ వాళ్ళవీ ఒకటే కాబట్టి, అదే దిశలో మనం కూడా నడిచామని నా చెవి చెబుతోంది.

ఇప్పుడు గమకం, అంటే స్వరాన్ని జార్చుతూ ఊపుతూ పలికించడం. మీ ఇంట్లో కీబోర్డ్ ఉంటే, లేకపోతే ఫోన్‌లో పియానో యాప్ పెట్టుకుని ఈ చిన్న పని చేయండి. సి ని షడ్జమం అనుకోండి. స రి గ ప ధ, అంటే సి, డి, ఇ, జి, ఎ అనే అయిదు తెల్ల మెట్లు, పైకీ కిందకీ మెల్లగా వాయించండి. అది మోహన రాగం స్వరాలు. వెన్నెల్లో పడవ మీద మాయాబజార్ జంట పాడుకునే లాహిరి లాహిరి అందులోనిదే. ఇప్పుడు మిగతావేవీ ముట్టుకోకుండా గాంధారాన్ని, అంటే గ అన్న ఇ మెట్టుని మాత్రం దాని ఎడమ పక్క నల్ల మెట్టుకి దించండి. మళ్ళీ పైకీ కిందకీ వాయించండి. అది శివరంజని స్వరాలు. అయిదు మెట్లలో ఒక్కటి మారింది, వెన్నెల పోయి ఏడుపు వచ్చింది. మా క్లాసులో పదేళ్ళ పిల్లలకి ఏమీ చెప్పకుండా ఇవి రెండూ వినిపిస్తే, రెండోది వినగానే మొహాలు మారతాయి. వాళ్ళకి జ్ఞాపకాలు ఎక్కడివి? అక్కడ పని చేసింది స్వరమే. కాబట్టి అంతా జ్ఞాపకమే అన్న వాదన కూడా సగంలోనే ఆగిపోతుంది.

పైగా పాడేవాళ్ళు ఆ గాంధారాన్ని మెట్టు మీద కుదురుగా నిలబెట్టరు. కింద నుంచి జారుతూ వస్తారు, కొంచెం ఊపుతారు, ఒక్కోసారి స్వరానికి అందీ అందకుండా ఆగుతారు. వేదన అంతా ఆ జారుడులో ఉంటుంది. వయొలిన్‌కి మెట్లు లేవు కాబట్టి నా వేలు దాన్ని అనుసరించగలదు, కీబోర్డ్ మీద కష్టం. 1997లో ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. శృతి తప్పిన గొంతుని దగ్గర్లోని స్వరానికి లాగి పెడుతుంది. జాగ్రత్తగా వాడితే వాడినట్టే తెలియదు. బిగించి వాడితే జారుడు మొత్తం మెట్లుమెట్లుగా తెగిపోతుంది. పదాల మధ్య ఊపిరి చప్పుడు కూడా కోసేసే అలవాటుంది. ఒకప్పుడు మీ గుంటూరు జిల్లాలోదే అయిన రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన ఎస్. జానకి గారి పాత పాటల్లో ఆ ఊపిరినే వినండి. నవ్వు, వెక్కు, సిగ్గు అన్నీ ఊపిరిలోనే ముందు వస్తాయి, మాట తరవాత వస్తుంది. వాటిని కోసేస్తే స్వరం మిగులుతుంది, మనిషి మిగలదు.

పాట మొదలయ్యే తీరు కూడా మారింది. అమెరికాలో టాప్ పాటల మీద 2018లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, 1980ల నడుమ ఇరవై సెకన్లకి పైగా ఉండే ముందు సంగీతం 2015 నాటికి అయిదు సెకన్లకి దిగిపోయింది. స్పాటిఫైలో ముప్ఫై సెకన్లు వింటేనే ఒక వినికిడి కింద లెక్క. ఆలోపే శ్రోతని పట్టుకోవాలన్న తొందర అర్థమవుతుంది. రీల్స్ కోసం పదిహేను సెకన్ల ముక్కని ముందు అనుకుని పాటని దాని చుట్టూ అల్లే రోజులొచ్చాయి. మన పెద్దలకీ కొలతలు లేవని కాదు. 78 స్పీడు రికార్డుకి ఒక వైపు మూడు మూడున్నర నిమిషాలే పట్టేది, పాటని అందులో సర్దేవాళ్ళు. కానీ ఆ మూడున్నర నిమిషాలూ శ్రోత కదలడు అన్న నమ్మకంతో సర్దారు.

ఇక్కడి నుంచి మీ చేతిలో ఉన్న సంగతికి వస్తాను. నా దృష్టిలో అసలు తేడా అంతా ఎక్కువగా ఇక్కడే ఉంది. మీ నాన్నగారు ఆ పాటని సంపాదించుకున్నారు. పున్నమ్మతోటలో ఉన్న విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటినుంచి ఎన్నో ఏళ్ళపాటు కృష్ణా, గుంటూరు జిల్లాల చెవి అదే. ఇష్టమైన పాట ఎప్పుడు వస్తుందో తెలియదు. కోరిన పాటల కార్యక్రమానికి కార్డు రాసి వారాల తరబడి ఎదురుచూడాలి. వస్తే ఒక్కసారే, వెనక్కి తిప్పడానికి లేదు. అందుకని వీధిలో ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి వినేవాళ్ళు.

తరవాత క్యాసెట్లు. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల రికార్డింగ్ షాపులకి కాగితం మీద పాటల లిస్టు రాసి ఇచ్చేవాళ్ళం. సి-90 అయితే ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలు. ఆఖరి పాట సగంలో తెగకుండా ఏ పాట పక్కన ఏది పడితే సరిపోతుందో ముందే నిమిషాలు కూడుకుని రాసేవాళ్ళం. ఆ క్యాసెట్ ఏడాదంతా తిరిగేది. ఒక పాట అయిపోయి, ఆ రెండు మూడు సెకన్ల బుస్సుమనే చప్పుడులోనే తరవాతి పాట మొదటి స్వరం మనసులో మోగేది. ఈనాటికీ నా వయసువాళ్ళు కొందరు ఒక పాట వినగానే, దానితో ఏ సంబంధమూ లేని ఇంకో పాట ఎత్తుకుంటారు. వాళ్ళ క్యాసెట్‌లో అది దీని వెనక ఉండేది మరి.

ఈ ఎదురుచూపు చిన్నది కాదు. 2011లో కెనడాలో వలోరీ సలింపూర్, ఆమె సహచరులు, పాట వింటూ ఒళ్ళు గగుర్పొడిచే మనుషుల మెదడుని పరీక్షించారు. ఆ గగుర్పాటు క్షణంలో మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దానికి కొన్ని సెకన్ల ముందు, అదిగో వస్తోంది అని ఎదురుచూసేటప్పుడు కూడా మెదడులో వేరే భాగంలో విడుదలవుతుంది. రాబోయేది తెలిసి ఉంటేనే ఆ ఎదురుచూపు సాధ్యం. పది సెకన్లు విని తరవాతి పాటకి తోసేసే చెవికి, ఏ పాటలోనూ ఏది రాబోతోందో తెలియదు. ఒళ్ళు గగుర్పొడవాల్సిన చోటు వచ్చేలోపు వేలు స్క్రీన్ మీదకి వెళ్ళిపోతుంది. మీరు రోజంతా వింటున్నానన్నారు. పని చేసుకుంటూ, బస్సులో, జిమ్‌లో, నేపథ్యంగా. అలా వింటే త్యాగరాజ కీర్తన కూడా కాలు కదుపుతుందే గానీ లోపలికి దిగదు.

నా దగ్గర నేర్చుకునే పిల్లలతో నేను చేసేది చెబుతాను, మీరూ చేయొచ్చు. వాళ్ళు తెచ్చిన కొత్త పాటలో డ్రమ్స్, బేస్, సౌండ్లు అన్నీ పక్కన పెట్టి, తంబురా శృతి మీద ట్యూన్ ఒక్కటే వయొలిన్ మీద వాయిస్తాను. కొన్ని అక్కడే కూలిపోతాయి, రెండు స్వరాల మధ్య ఊగడం తప్ప ఏమీ ఉండదు. కానీ ఎన్నో పాటలు నిలబడతాయి. గదిలో అల్లరి ఆగి, ఇది మన పాటేనా మాస్టారూ అని పిల్లలే అడుగుతారు. మంచి మెలొడీ ఈరోజుకీ పుడుతోంది, దాని మీద కప్పేస్తున్న దుప్పట్లు ఎక్కువ. అదే పాటని స్టేజీ మీద ఒక గొంతు, ఒక గిటారు, ఒక తబలాతో పాడితే పెద్దవాళ్ళు కూడా చేతిలో పని ఆపి వింటారు. నేను చూస్తూనే ఉన్నాను. హుషారు పాటల్ని కూడా తీసిపారేయకండి. సంగీత్ రోజున అందరితో కలిసి ఎగరాలనిపించడం కూడా మనసు కదలడమే, అది వేరే రకం కదలిక.

కాబట్టి కొత్త పాటల్లో మీకు కాస్తయినా నచ్చినది ఒకటి ఎంచుకోండి. వీడియో చూడకుండా, మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రి లైటు తీసేశాక మొత్తం వినండి. ఆ వారం దాన్నే వినండి. మాటలు రాసుకుని, అర్థం కానివి ఎవరినైనా అడగండి. నాన్నగారి ముందు గొంతెత్తి పాడండి, శృతి కుదరకపోయినా పర్వాలేదు. మూడో చరణం దాకా తెలిసిన పాట మీదే. పదేళ్ళ తరవాత అది ఎక్కడో వినపడి మీ కాళ్ళు ఆగితే, అప్పటికి అది కూడా పాత పాటే అయివుంటుంది. ఇప్పటి మీ వయసే అందుకు సరైన వయసు, ఆ లెక్క పైన చెప్పాను.

నాన్నగారితో ఒక పని చేయండి. ఆయన కళ్ళు తడిచినప్పుడు చూసీ చూడనట్టు లేచి వెళ్ళిపోవద్దు. ఈ పాట ఎక్కడ విన్నారు నాన్నా అని ఒక్క మాట అడగండి. మగవాళ్ళు చాలామంది ఆ ప్రశ్న ఎవరూ అడగక చెప్పరు.

నాయనమ్మ గురించి అడిగింది నన్ను ఎక్కువ తాకింది. 2015లో జర్మనీ, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చేసిన ఒక పరిశోధనలో, బాగా తెలిసిన పాటల జ్ఞాపకం ఉండే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతా భాగాలతో పోలిస్తే తక్కువగా దెబ్బతింటాయని తేలింది. పేర్లు పోయినా పాట మిగలడం అందువల్లే కావచ్చు. ఇది వైద్యం కాదు, ఆమెని చూస్తున్న డాక్టర్ సలహా మానొద్దు. కానీ ఆమె రోజుని తేలిక చేయడానికి పాట మీ చేతిలో ఉంది.

ఆమె పుట్టిన సంవత్సరానికి పదిహేను కలిపి అక్కడి నుంచి వెతకండి. సినిమా పాటల దగ్గరే ఆగకండి. ఆ తరం ఆడవాళ్ళకి మంగళహారతులు, పెళ్ళి పాటలు, అప్పగింతల పాటలు, రామదాసు కీర్తనలు, రేడియో భక్తిరంజనిలో పొద్దున్నే విన్నవి ఇంకా లోతుగా ఉంటాయి. ఒకసారికి ఒక పాటే పెట్టండి. టీవీ ఆపేయండి, గది నిశ్శబ్దంగా ఉండనివ్వండి. పాట అయ్యాక వెంటనే ఇంకోటి పెట్టకుండా ఆమె మొహం చూడండి. చెయ్యి తాళం వేస్తుంటే అదే పాట మళ్ళీ పెట్టండి. కంగారుగా అటూ ఇటూ చూస్తుంటే ఆపేయండి. ఏ పాట ఆమెకి ఏ దుఃఖంతో అతుక్కుందో మనకి తెలియదు, అప్పగింతల పాటల దగ్గర ఇది మరీ జాగ్రత్త. ఏది ఎలా పనిచేసిందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే, ఆమె దగ్గర ఉండే ఆయాకి కూడా ఉపయోగపడుతుంది.

చివరగా, చాలామందికి తట్టని ఒక చిన్న సంగతి. వయసు మీదపడ్డాక ఆడవాళ్ళ గొంతు కిందకి దిగుతుంది. పాత పాటల్లో గాయనిల శృతి ఎత్తుగా ఉంటుంది. నాయనమ్మ కలిసి పాడదామని మొదలుపెట్టి పై స్వరాల దగ్గర ఆగిపోతుంటే, పాట మరిచిపోయిందని అనుకోకండి. గొంతు అందడం లేదేమో చూడండి. ఫోన్‌లో స్పీడు మారకుండా పిచ్ తగ్గించే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ముందు రెండు మెట్లు (యాప్‌లో సెమిటోన్లు అని ఉంటుంది) తగ్గించి చూడండి. చాలకపోతే ఒక్కొక్క మెట్టూ తగ్గిస్తూ అయిదు దాకా దించొచ్చు. అంతకన్నా దించితే రికార్డులో గొంతు మగగొంతులా వినపడి ఆమె గుర్తుపట్టకపోవచ్చు. అలాంటప్పుడు రికార్డు ఆపేసి, మీరే ఆమెకి అందే శృతిలో పల్లవి ఎత్తుకోండి. చరణం ఆమె అందుకుంటుంది.